దుమ్ము పడదంటే, ఏ దుమ్ము?

మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కన ఉండేవాళ్లని అడిగినా, నల్లగొండలో పత్తి జిన్నింగ్ దగ్గర పనిచేసేవాళ్లని అడిగినా, పాలమూరు బీళ్లలో వయ్యారిభామ పూసినప్పుడల్లా తుమ్మేవాళ్లని అడిగినా ఒకటే జవాబు: "నాకు దుమ్ము పడదండీ." ఇంట్లో చెప్పుకోవడానికి ఆ మాట చాలు. అలర్జీకి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు, అంటే పడనిదాన్నే కొద్దికొద్దిగా ఎక్కించి ఒంటికి అలవాటు చేసేవి, మొదలుపెట్టాలంటే మాత్రం చాలదు, ఏ దుమ్మో తేలాలి.

ఎందుకంటే ఊక దుమ్ము, పొయ్యి పొగ, సిమెంటు చాలావరకు శ్వాసనాళాలను ఒరిపి దగ్గు తెప్పిస్తాయి, దానికి అలర్జీయే ఉండనక్కర్లేదు. అలర్జీ కథ వేరు. పుప్పొడిలోనో, పరుపులో బతికే కంటికి కనపడని డస్ట్ మైట్ రెట్టలోనో ఉండే మామూలు ప్రోటీన్‌ని ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువనుకుని దానిమీద ఐజీఈ అనే యాంటీబాడీ తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ యాంటీబాడీలు రక్షణ వ్యవస్థకే చెందిన మాస్ట్ కణాల మీద కాచుకుని ఉంటాయి. అదే ప్రోటీన్ మళ్లీ వస్తే ఆ కణాల్లోంచి హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా బయటపడి ముక్కు కారడం, పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి. ఇంజెక్షన్ పనిచేసేది ఈ రెండో రకం మీదే. మొదటిదానికి ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, పని చోట గాలి ఆడేలా చూసుకోవడమే దారి.

తేల్చే పరీక్ష చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ముంజేతి మీద పెన్నుతో గుర్తులు పెట్టి ఒక్కో చోట ఒక్కో చుక్క, అంటే మైట్‌ది, బొద్దింకది, గడ్డి పుప్పొడిది, సర్కారు తుమ్మది, ఇలా వేసి, చిన్న సూదిమొనతో పైచర్మాన్ని గుచ్చుతారు. 15–20 నిమిషాల్లో దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. ఉత్త ద్రావణం పెట్టిన చోటి కంటే అది కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్ అంటారు. ముందు రోజు సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్ర మింగి వెళితే దద్దురు సరిగా లేవదు, పరీక్ష దండగ. అందుకే డాక్టరు చెప్పినట్టు దాదాపు వారం ముందే ఆపాలి. ఇంకోటి, దద్దురు లేచినంత మాత్రాన జబ్బు దానివల్లే అని కాదు. ఏ కాలంలో, ఎక్కడ ఉన్నప్పుడు ఎక్కువవుతుందో మీరు చెప్పేది దానితో కలవాలి.

ఈ వైద్యం కొత్తదేం కాదు. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. పుప్పొడిలో విషం ఉంటుందని ఆయన అనుకున్నాడు, అది తప్పు. ఐజీఈ బయటపడింది 1960లలో, అంటే అర్ధ శతాబ్దం పాటు అసలు కారణం తెలియకుండానే ఈ వైద్యం నడిచింది! ఇప్పుడు తెలిసిందేమిటంటే, మెల్లగా పెంచిన మోతాదుకి రక్షణ వ్యవస్థని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలు పెరిగి గొడవని అణుస్తాయి, ఐజీజీ4 అనే మరో యాంటీబాడీ ఆ ప్రోటీన్‌ని దారిలోనే అడ్డుకుంటుంది.

మామూలుగా మొదట వారం వారం, తర్వాత నెలకోసారి, మొత్తం 3 నుంచి 5 ఏళ్లు. మృగశిర కార్తె నాడు చేప మందు కోసం హైదరాబాద్ వెళ్లి వరసలో నిలబడే ఓపిక మనకుంది గానీ, ఆ మందు పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు, దీనికి రుజువుంది. ఆ ఓపికేదో ఇక్కడ పెట్టొచ్చు కదా అని నాకనిపిస్తుంది. అలాగని ఇన్‌హేలర్ పక్కన పడేయకూడదు. ఆస్తమా అదుపులో లేనివాళ్లకి అసలు ఈ ఇంజెక్షనే మొదలుపెట్టరు, ప్రమాదం. అరుదుగానే అయినా ఒళ్లంతా రియాక్షన్ వచ్చి బీపీ పడిపోవచ్చు కాబట్టి, ఇచ్చాక అరగంట అక్కడే కూర్చోబెడతారు, ఆ రియాక్షన్‌కి ఇచ్చే అడ్రినలిన్ మందు దగ్గర ఉంచుకుంటారు. బస్సు పోతుందని లేచి రాకండి.

అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో వారం వారం సిటీకి తిరగడం కష్టమైతే నాలుక కింద పెట్టుకునే చుక్కలు, మాత్రలు ఉన్నాయి. మొదటి డోసు డాక్టరు ముందు, మిగతావి ఇంట్లో. రోజూ మరవకుండా వాడాలి. ఇంజెక్షన్ అయితే నాట్లనీ పత్తి తీతనీ మధ్యలో కొన్ని వారాలు మానేస్తే, మళ్లీ వెళ్లినప్పుడు మోతాదు తగ్గించి పెంచుకుంటూ రావాల్సి వస్తుంది. అందుకే పనులు కాస్త ఖాళీగా ఉండే నెలల్లో మొదలుపెట్టమని డాక్టర్‌ని అడగండి.