కురసావ్ పొగ ఎవరి ఖాతాలోది? దీవుల ఉద్గారాలపై అపోహలు - వాస్తవాలు

ఉద్గారాల లెక్కలు కట్టడం నా వృత్తి. ఏ ఇంధనం ఎన్ని టన్నులు కాలింది, దాని నుంచి ఎంత కార్బన్ డయాక్సైడ్ వచ్చింది, అది ఎవరి పద్దులో పడాలి, రోజంతా ఇదే గొడవ. శిక్షణ తరగతిలో పాత సంవత్సరాల తలసరి ఉద్గారాల పట్టిక తెర మీద వేయగానే ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ కురసావ్ ఎక్కడుందండీ? ఇంత పొగ ఎలా వదిలింది?" వెనెజులా తీరానికి ఎదురుగా, కరీబియన్ సముద్రంలో 444 చదరపు కిలోమీటర్ల దీవి అది. జనాభా లక్షన్నర. దాని పొరుగున అరుబా ఇంకా చిన్నది. రెండూ నెదర్లాండ్స్ రాజ్యంలోని స్వపరిపాలిత ప్రాంతాలు. వీటి గురించి నా చెవిన తరచూ పడే మాటలు కొన్ని.

అపోహ: అక్కడి జనం ఇంధనాన్ని విచ్చలవిడిగా తగలేశారు.

వాస్తవం: తగలేసింది జనం కాదు, రిఫైనరీలు. వెనెజులాలోని మరకైబో సరస్సు ప్రాంతంలో చమురు పడింది కానీ, సరస్సు ముఖద్వారంలో ఇసుక మేట వల్ల పెద్ద ఓడలు లోపలికి పోలేవు. చిన్న ఓడల్లో ముడిచమురు బయటికి తెచ్చి, లోతైన రేవున్న చోట శుద్ధిచేసి, అక్కడి నుంచి పెద్ద ఓడలకు ఎక్కించడం కంపెనీలకు అనువుగా కనిపించింది. షెల్ సంస్థ కురసావ్ రేవు ఒడ్డున 1915లో నిర్మాణం మొదలుపెట్టి 1918లో రిఫైనరీని నడిపించింది. అరుబాలో సాన్ నికొలాస్ దగ్గర లాగో రిఫైనరీ వెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల విమానాలు ఈ దీవుల ఇంధనంతో ఎగిరాయి. 1942 ఫిబ్రవరి 16న జర్మన్ జలాంతర్గామి ఒకటి లాగో ముంగిటికి వచ్చి దాడి చేసిందంటే ఊరికే కాదు. ఇంధనం ఓడలెక్కి పోయింది. దాన్ని శుద్ధి చేయడానికి కాలిన నూనె, గ్యాసుల లెక్క దీవి పద్దులో ఉండిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతను తిరగేసుకోవాలి ఇక్కడ: సోకు వాళ్లది, మసి వీళ్లది. ఆ మసిని లక్షన్నర మందికి పంచితే తలసరి అంకె కొండెక్కక ఏం చేస్తుంది?

అపోహ: ఆ అంకెలు చిమ్నీల దగ్గర కొలిచినవి.

వాస్తవం: చిన్న దేశాల పాత అంకెలు చాలావరకు కొలతలు కావు, తీసివేతలు. దిగుమతైన ముడిచమురు నుంచి ఎగుమతైన సరుకును, అంతర్జాతీయ ఓడలకూ విమానాలకూ పోసిన ఇంధనాన్ని, నిల్వల్లో వచ్చిన మార్పును తీసేస్తే మిగిలినదంతా దీవిలో కాలినట్టు. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా మీద ఇంత భారం వేయడం ప్రమాదకరం. ఎంత ప్రమాదకరమో చూడండి. కురసావ్ రిఫైనరీ పూర్తి సామర్థ్యం రోజుకు సుమారు 3,35,000 బ్యారెళ్లు, అంటే ఏడాదికి దాదాపు 1.7 కోట్ల టన్నులు. ఎగుమతి పుస్తకంలో ఒక్క శాతం తప్పు దొర్లినా 1.7 లక్షల టన్నుల చమురు కాలిపోయినట్టు తేలుతుంది. టన్ను చమురుకు సుమారు 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్ చొప్పున అది 5 లక్షల టన్నులు దాటుతుంది. మనిషికి దాదాపు మూడున్నర టన్నులు! సగటు భారతీయుడి ఏడాది వాటా 2 టన్నుల దగ్గర ఉంటుంది. గుమాస్తా కలం జారితే దీవిలో ఒక్కొక్కరి పేరిట దాదాపు ఇద్దరు భారతీయుల ఏడాది పొగ పుడుతుందన్నమాట.

అలాగని అన్నీ కాకిలెక్కలని నేను కొట్టిపారేయను. దశాబ్దాల ధోరణిని నమ్ముతాను. ఒక్క ఏడాది ఎగుడుదిగుడును మాత్రం నమ్మను.

అపోహ: ఉద్గారాల గీత కిందికి దిగిందంటే పర్యావరణ విధానాలు ఫలించినట్టే.

వాస్తవం: లాగో 1985లో మూతపడింది. అదే ఏడాది షెల్ తన రిఫైనరీని స్థానిక ప్రభుత్వానికి ఒక్క గిల్డరుకు (అక్కడి నాణెం) అప్పజెప్పి తప్పుకుంది. తర్వాత వెనెజులా ప్రభుత్వ చమురు సంస్థ దాన్ని లీజుకు తీసుకుని 2019 చివరి దాకా ఉంచుకుంది. అరుబా రిఫైనరీ చేతులు మారుతూ తొంభైలలో మళ్లీ వెలిగి, 2009లో ఆగి, 2011లో లేచి, 2012లో చతికిలబడింది. గీత ఈ గేట్ల తాళాల వెంటే నడిచింది. అరుబాలో 2009 నుంచి 30 మెగావాట్ల గాలిమరలు తిరుగుతున్న మాట నిజమే, కానీ రిఫైనరీ ముందు వాటి ప్రభావం ఎంత?

ఇంకో మెలిక ఉంది. ఈ డచ్ కరీబియన్ దీవులన్నీ ఒకప్పుడు నెదర్లాండ్స్ యాంటిలిస్ అనే ఒకే పాలనా విభాగం. 1986 జనవరి 1న అరుబా దాని నుంచి విడిపోయింది. 2010 అక్టోబర్ 10న యాంటిలిస్ అన్న విభాగమే రద్దయింది. కాబట్టి 1985-86 దగ్గర పట్టికలో మెట్టు కనిపిస్తే అందులో చిమ్నీ ఆరిపోవడం ఎంత, సరిహద్దు మారడం ఎంత అని విడదీయాలి. అది చేయకుండా "ఉద్గారాలు ఇంత శాతం తగ్గాయి" అని రాసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: ఎలాగూ అదంతా నెదర్లాండ్స్ లెక్కలో కలుస్తుంది.

వాస్తవం: కలవదు. ఐక్యరాజ్యసమితికి డచ్ ప్రభుత్వం ఇచ్చే ఉద్గారాల నివేదిక యూరప్‌లోని భూభాగానికే పరిమితం.

అపోహ: పట్టికలో "పరిశ్రమలు" అన్న గడిలో రిఫైనరీ పొగంతా ఉంటుంది.

వాస్తవం: మా శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. సున్నపురాయిని కాల్చి సిమెంటు చేసేటప్పుడు రాతి నుంచే వెలువడే వాయువు లాంటిది పరిశ్రమల ప్రక్రియల గడిలో పడుతుంది. రిఫైనరీ కొలిమిలో కాలిన ఇంధనం మాత్రం ఇంధన రంగం కింద వస్తుంది. పరిశ్రమల గడి దాదాపు ఖాళీగా కనిపించిందని ఆ దీవిని నిర్దోషిగా తేల్చేయకండి.

అపోహ: రిఫైనరీ మీదుగా గాలి వీచే వైపున్న జనాన్ని ఉక్కిరిబిక్కిరి చేసింది కార్బన్ డయాక్సైడే.

వాస్తవం: దానికి రంగూ వాసనా లేవు. గొంతు మండించింది గంధకం నిండిన చమురు కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్. తూర్పు నుంచి ఏడాది పొడవునా వీచే గాలి దాన్ని పడమటి పేటల మీదికి తోసేది. యుద్ధకాలంలో హడావుడిగా శుద్ధి చేసి మిగిలిన తారును రేవు పక్కనే పారబోశారు. అది చెరువై నిలిచింది. అందులోని కార్బన్ కాలనంత వరకు నా పద్దులోకి రాదు.