గాల్ బ్లాడర్ గోడలో రంగు చుక్కలు

ఉలవపాడులో పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి మా మేనత్తకు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పట్టుకుంది. అది వీపు మీదుగా కుడి భుజం దాకా పాకినా "గ్యాసేలేరా అబ్బయ్యా, కాస్త వాము నమిలితే పోద్ది" అంటూ రెండు రోజులు నెట్టుకొచ్చింది. మూడో రోజు జ్వరం వచ్చాక ఒంగోలు తీసుకెళ్లి స్కానింగ్ చేయించాం.

డాక్టరమ్మ జెల్ రాసి, ప్రోబ్‌ని సరిగ్గా గాల్ బ్లాడర్ (లివర్ కింద పిత్తరసం నిలవుండే చిన్న సంచి) మీద ఆనించి నొక్కుతూ గట్టిగా గాలి పీల్చమంది. అత్త సగం పీల్చి ఆగిపోయింది. దీన్ని మర్ఫీ సైన్ అంటారు, గాల్ బ్లాడర్ వాచిందనడానికి ముఖ్యమైన గుర్తు. స్క్రీన్ మీద రాయీ కనిపించింది. కానీ రాయి ఉన్నంత మాత్రాన వాపు ఉన్నట్టు కాదు, రాళ్లతోనే ఏ బాధా లేకుండా ఏళ్లు గడిపేవాళ్లు బోలెడుమంది. గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి గానీ, మనకు అక్టోబరు, నవంబరు వానలప్పుడు వచ్చే డెంగీలో రాయి లేకుండానే గోడ ఉబ్బుతుంది, గుండె, లివర్ జబ్బుల్లోనూ ఉబ్బుతుంది.

అప్పుడు గోడలో రక్తం ఎంత పారుతోందో చూడ్డానికి డాక్టరమ్మ డాప్లర్ పెట్టింది. పారే రక్తకణాలను తాకి వెనక్కొచ్చే శబ్దతరంగాల ఫ్రీక్వెన్సీ మారుతుంది, ఆ మార్పును మిషన్ రంగుగా చూపిస్తుంది. ఎరుపంటే వాపు అని చాలామంది అనుకుంటారు, కాదు. మామూలు సెట్టింగులో ప్రోబ్ వైపు వచ్చే రక్తం ఎరుపు, దూరంగా పోయేది నీలం, అంతే. చూడాల్సింది రంగు ఎంత ఉందన్నది. మామూలు గోడలో పెద్దగా ఏమీ కనబడదు. రాయి గాల్ బ్లాడర్ మెడ దగ్గర, అంటే దాని సన్నని మూతి దగ్గర ఇరుక్కుంటే పిత్తరసం బయటికి పోలేక సంచి బిగుస్తుంది, గోడ వాచి రక్తనాళాలు వెడల్పవుతాయి, అప్పుడు గోడ పొడవునా చుక్కలు వెలుగుతాయి. లివర్‌కి పోయే ధమనిలో రక్తం వేగం సెకనుకు 100 సెంటీమీటర్లు దాటితే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. రంగు లేదు కదా అని ధైర్యంగా ఉండకూడదు. వాపు ముదిరి గోడ కుళ్లిపోతే అక్కడికి రక్తమే అందదు, రంగూ ఉండదు, అది ఇంకా ప్రమాదం. పైగా లావుగా ఉన్నవాళ్లలో గాల్ బ్లాడర్ లోతుగా ఉండి రంగు సరిగా అందకపోవచ్చు. అందుకే నొక్కితే వచ్చే నొప్పి, జ్వరం, రక్తపరీక్ష, అన్నీ కలిపి చూస్తారు.

అత్తకి గోడ 6 మిల్లీమీటర్లుంది, దాని వెంబడి రంగూ ఉంది. మర్నాడే లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) చేశారు. తీసిన రాయిని చిన్న సీసాలో వేసిచ్చారు, శనగగింజంత ఉంది.