జబ్బకు పెట్టే షుగర్ సెన్సర్: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఓ షుగర్ క్లినిక్‌లో సెన్సర్లు పెట్టడం నా పని. జబ్బకు అంటించుకుంటే రెండు వారాల పాటు షుగర్ అంకె చూపిస్తూ ఉండేదే ఈ సెన్సర్. ఎవరికి పెట్టబోయినా ముందు అడిగేది ఒకటే, "రెండు వారాలూ సూది లోపలే ఉంటుందా సిస్టర్?" అని. ఉండదండీ. సూది దారి చేసి వెంటనే బయటికొచ్చేస్తుంది. లోపల మిగిలేది వెంట్రుకలాంటి మెత్తటి తీగ, సుమారు 5 మిల్లీమీటర్లు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, అంతే.

అపోహ: అది రక్తంలో షుగర్ చూస్తుంది.

తికమకంతా ఇక్కడే వస్తోంది. ఆ తీగ ఉండేది చర్మం కింద, కణాల మధ్య ఊరే నీటిలో. చెయ్యి కాలితే బొబ్బలో చేరే నీరు చూశారు కదా, దాదాపు అలాంటిదే. తిన్నదాంట్లో షుగర్ ముందు రక్తంలో కలిసి, సన్నటి నాళాల గోడల్లోంచి ఈ నీటిలోకి దిగుతుంది కాబట్టి సెన్సర్ అంకె 5 నుంచి 15 నిమిషాలు వెనకబడి ఉంటుంది. పరగడుపున రక్తంలో అంకె, సెన్సర్ అంకె దగ్గరదగ్గరగానే ఉంటాయి, అన్నం తిన్న అరగంటకు చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది. దానికి సెన్సర్ పాడైందని కంగారు పడొద్దు.

అపోహ: సెన్సర్ ఉంటే వేలు గుచ్చే మిషన్ పారేయొచ్చు.

దయచేసి ఆ పని చేయొద్దు. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు చూసుకునే ఒకాయన తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేశారు, షుగర్ 52కి పడిపోయిందని సెన్సర్ అలారం మోగుతోందట. చెమటా లేదు, వణుకూ లేదు. పక్కన వాళ్లావిడ గ్లాసులో చక్కెర నీళ్లు కలిపి పట్టుకుని నిలబడి ఉంది. "ఏ పక్కకు పడుకున్నావు బాబాయ్?" అన్నాను. ఎడమ పక్కకే, సెన్సర్ ఉన్నదీ ఎడమ జబ్బకే, పైగా నులక మంచం. వేలు గుచ్చి చూడమంటే 118 వచ్చింది. ఒంటి బరువు పడి అక్కడ ప్రసరణ తగ్గితే అంకె అలా పడిపోతుంది, పక్కకు తిరిగితే కాసేపట్లో సర్దుకుంటుంది. అదే చెమట, వణుకు ఉంటే సెన్సర్ ఎంత చూపించినా నమ్మొద్దు, వెంటనే వేలు గుచ్చండి. మిషన్ దగ్గర లేకపోతే ముందు చక్కెర నోట్లో వేసుకోండి.

అపోహ: గుచ్చకుండానే షుగర్ చెప్పే వాచీలు వచ్చేశాయి.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఇది నమ్మితే ప్రాణం మీదికొస్తుంది. చర్మం గుచ్చకుండా తనంతట తాను షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అంతకుముందు 2001లో గ్లూకోవాచ్ అని ఒకటి వచ్చింది, చిన్న కరెంటుతో చర్మం కింది నీటిలోని గ్లూకోజ్‌నే, అంటే షుగర్‌నే, చర్మం పైకి లాగేది. చర్మం ఎర్రబడి మండేది, చివరికి మార్కెట్లో నిలవలేదు.

కొలెస్ట్రాల్, థైరాయిడ్ కూడా ఇందులోనే తెలుస్తాయా అంటే, తెలియవు. తీగ మీద పూసిన ఎంజైమ్ గ్లూకోజ్ ఒక్కదాన్నే పట్టుకుంటుంది. ఇంకోటి, విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా వేసుకుంటే కొన్ని సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, మందులన్నీ ముందే చెప్పండి.

స్నానం చేయొచ్చు. మన ఎండలకు చెమట పట్టి ఊడిపోతుందని భయపడతారు గానీ, ఎక్కువగా ఊడేది కొబ్బరినూనె రాసుకున్న చేతికి పెట్టినప్పుడే. పెట్టించుకునే రోజు జబ్బకు నూనె, పౌడర్ రాసుకోకుండా రండి.