సోమవారం పనికెళ్లాల్సిన ఆటగాళ్లు

2006 నవంబర్ 5, ఆదివారం. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో 82,127 మంది కూర్చున్నారు. ఐర్లాండ్, ఆస్ట్రేలియా తమ తమ సొంత ఫుట్‌బాల్ ఆటల్ని కలిపి ఆడే ‘ఇంటర్నేషనల్ రూల్స్’ సిరీస్ మ్యాచ్ అది. మొదటి క్వార్టర్ నడుస్తోంది. ఐర్లాండ్ తరఫున ఆడుతున్న మీత్ కౌంటీ (అక్కడ కౌంటీ అంటే జిల్లా లాంటిది) ఆటగాడు గ్రాహమ్ గెరాటీ చేతికి బంతి వచ్చింది. ఆస్ట్రేలియా ఆటగాడు డానిల్ పియర్స్ అతణ్ని పట్టుకుని నేలకేసి పడేశాడు. కింద పడేటప్పుడు ఎవరైనా చెయ్యి ఆనించుకుంటారు. గెరాటీ చేతులు పట్టులో ఇరుక్కుపోయాయి. తల నేలకు తగిలింది, స్పృహ పోయింది. స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లి, అక్కణ్నుంచి ఆస్పత్రికి తరలించారు.

ఐర్లాండ్ మేనేజర్ షాన్ బాయ్లన్ వృత్తిరీత్యా మూలికా వైద్యుడు. క్వార్టర్ అయిపోయాక తన జట్టును మళ్లీ మైదానంలోకి పంపాలా వద్దా అని ఆలోచనలో పడ్డాడు. చివరికి పంపాడు. మ్యాచ్ 69-31తో ఆస్ట్రేలియా గెలిచింది. మరుసటి ఏడాది జరగాల్సిన సిరీస్ రద్దయింది.

ఆ గొడవ గురించి అప్పట్లో వచ్చిన మాటల్లో చాలావరకు ‘ఆస్ట్రేలియా వాళ్లు మోటుగా ఆడతారు’ అనో, ‘ఐర్లాండ్ వాళ్లు దెబ్బకు తట్టుకోలేరు’ అనో ఉన్నాయి. రెండూ అన్యాయమైన మాటలే. అసలు సంగతి అర్థం కావాలంటే దాదాపు 40 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఫుట్‌బాల్ అనగానే మనకు తట్టే ఆట కాదిది. ఐర్లాండ్‌లో ఆడేది గేలిక్ ఫుట్‌బాల్. గుండ్రటి బంతి, దీర్ఘ చతురస్రపు మైదానం, నెట్, గోల్‌కీపర్ ఉంటాయి. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. ప్రత్యర్థిని భుజంతో తోసుకోవచ్చు, అతని చేతిలోని బంతిని అరచేత్తో తట్టి పడేయొచ్చు, కానీ మనిషిని పట్టుకుని లాగకూడదు. ఆస్ట్రేలియా వాళ్లది ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. బంతీ, మైదానమూ కోలగా ఉంటాయి. నెట్ లేదు, గోల్‌కీపర్ లేడు. బంతి ఉన్నవాణ్ని కబడ్డీలో రైడర్‌ను పట్టినట్టు నడుం పట్టుకుని పడేయొచ్చు. దాన్నే టాకిల్ అంటారు. చూడ్డానికి ఈ రెండు ఆటలూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. కానీ లోకంలో ఇంకెవరూ పెద్దగా ఆడని ఆటలు కావడంతో రెండు దేశాలకూ బయట పోటీ కరువైంది.

ఆ కరువు తీర్చే ఆలోచన మెల్‌బోర్న్‌కు చెందిన రేడియో వ్యాఖ్యాత, మాజీ అంపైర్ హ్యారీ బైట్జెల్‌కు వచ్చింది. 1967లో ఒక జట్టును కూడగట్టి, తనే ముందుండి విదేశీ యాత్రకు తీసుకెళ్లాడు. ఆ జట్టుకు ‘గాలాలు’ అని పేరు పడింది. గాలా అంటే అక్కడి గులాబీ, బూడిద రంగుల చిలుక. ఆస్ట్రేలియాలో ఎవరినైనా తింగరోడు అని వెక్కిరించాలన్నా ఆ మాటే వాడతారు. వెక్కిరింపుగా వచ్చిన పేరునే వాళ్లు గర్వంగా పెట్టుకున్నారు. ఆ ఏడాది ఆల్ ఐర్లాండ్, అంటే కౌంటీల మధ్య జరిగే అతిపెద్ద గేలిక్ పోటీలో చాంపియన్ అయిన మీత్ జట్టును క్రోక్ పార్క్‌లోనే ఓడించారు. మరుసటి ఏడాది మీత్ ఆస్ట్రేలియా వెళ్లి ఆడిన అయిదు మ్యాచ్‌లూ గెలిచి బదులు తీర్చుకుంది. అప్పట్లో ఇదంతా స్నేహంగానే సాగింది.

అయితే రెండు వైపులా డబ్బు విషయంలో పద్ధతులు మొదటి నుంచీ వేరు. ఐర్లాండ్‌లో ఈ ఆటను నడిపేది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అందరూ జీఏఏ అంటారు. 1884 నవంబర్ 1న థర్లెస్ ఊళ్లోని హేస్ హోటల్లో పుట్టింది. బ్రిటిష్ పాలనలో ఉన్న జనం తమ ఆటల్ని తామే కాపాడుకోవాలని పెట్టుకున్న సంస్థ అది. ఇప్పటికీ దాని పునాది ఊరి క్లబ్బే. పుట్టిన ఊరి క్లబ్బుకు ఆడతారు, బాగా ఆడితే సొంత కౌంటీకి ఆడతారు. ఎక్కువ డబ్బిస్తానంటే పక్క కౌంటీకి పోయే పద్ధతి లేదు. అసలు ఆడినందుకు జీతమే లేదు. ఆల్ ఐర్లాండ్ ఫైనల్‌కు 80 వేల మంది టికెట్ కొనుక్కుని వచ్చినా, ఆడేవాళ్లకు దక్కేది ప్రయాణ ఖర్చుల్లాంటివే. ఆ టికెట్ల డబ్బు తిరిగి కౌంటీలకు, క్లబ్బులకు, మైదానాలకు వెళుతుంది. ఆదివారం అంత జనం ముందు ఆడిన మనిషి సోమవారం పొద్దున్నే బడిలో పాఠం చెప్పాల్సిందే, బ్యాంకు కౌంటర్లో కూర్చోవాల్సిందే.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్ర ఫుట్‌బాల్ లీగ్ 1911లోనే ఆటగాళ్లకు డబ్బివ్వడాన్ని అధికారికం చేసింది. అయినా 1980ల వరకు చాలామందికి అది పక్క ఆదాయమే. వాళ్లకూ పగటిపూట ఉద్యోగాలుండేవి, సాయంత్రాలు ప్రాక్టీసు చేసేవాళ్లు. ఈ వ్యవహారంలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. 1984లో మొదటి అధికారిక సిరీస్ మొదలైనప్పుడు ఒకవైపు అమెచ్యూర్లు, మరోవైపు ప్రొఫెషనల్స్ అని కాగితం మీద ఉన్నా, మైదానంలో ఆ తేడా అంతగా తెలిసేది కాదు. రెండు జట్లలోనూ పని చేసుకుని వచ్చి ఆడినవాళ్లే ఎక్కువ.

ఆ సిరీస్ కోసం రెండు ఆటల్నీ కలిపి కొత్త నియమాలు రాసుకున్నారు. దాని పేరు ఇంటర్నేషనల్ రూల్స్. గుండ్రటి బంతి, నెట్, గోల్‌కీపర్, దీర్ఘ చతురస్రపు మైదానం ఐర్లాండ్ నుంచి వచ్చాయి. నాలుగు క్వార్టర్ల ఆట, తన్నిన బంతిని గాల్లో పట్టుకుంటే దక్కే ఫ్రీ కిక్, మనిషిని పట్టి పడేసే టాకిల్ ఆస్ట్రేలియా నుంచి వచ్చాయి. నెట్‌లో వేస్తే 6 పాయింట్లు, అడ్డకర్ర మీదుగా పంపితే 3, పక్క స్తంభాల మధ్యకు పోతే 1.

పైకి చూస్తే చెరిసగం పంచుకున్నట్టే ఉంది. కానీ ఆస్ట్రేలియా వాళ్లు అలవాటు లేని బంతితో ఆడితే నష్టం స్కోరుబోర్డు మీద పడుతుంది. కోల బంతితో పెరిగినవాడు గుండ్రటి బంతిని తన్నితే అది ఎటో పోతుంది, అంతే. ఐర్లాండ్ వాళ్లకు అలవాటు లేనిది టాకిల్. ఆ నష్టం ఒంటి మీద పడుతుంది. ఆస్ట్రేలియా కుర్రాడు చిన్నప్పటి నుంచీ ఎలా పడేయాలో, ఎలా పడాలో నేర్చుకుంటూ పెరుగుతాడు. గేలిక్ ఆటగాడికి అది ఏడాదికోసారి, అదీ కొన్ని వారాల ప్రాక్టీసుతో నేర్చుకునే విద్య.

1984, 1987 సిరీస్‌లు ఆస్ట్రేలియా గెలిచింది. 1986, 1990 ఐర్లాండ్ గెలిచింది. నాలుగింటిలోనూ తేడా 2-1. విచిత్రం ఏమిటంటే నాలుగుసార్లూ పరాయి దేశం వెళ్లి ఆడిన జట్టే గెలిచింది. 1986లో కొట్లాటలు కూడా బాగానే జరిగాయి. 1990 తర్వాత ఎనిమిదేళ్లు ఆగిపోయి, 1998లో రెండు టెస్టుల (మ్యాచ్‌ల) మొత్తం స్కోరు లెక్కతో మళ్లీ మొదలైంది.

ఈ ఎనిమిదేళ్లలో ఆస్ట్రేలియా ఆట రూపం మారిపోయింది. 1990లో విక్టోరియా లీగ్ పేరు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఏఎఫ్ఎల్ అయింది. దేశమంతా విస్తరించింది, టీవీ డబ్బు వచ్చింది, ఆటే పూర్తికాలపు ఉద్యోగమైంది. రోజంతా జిమ్, ఫిజియో, లెక్క ప్రకారం తిండి, నిద్ర. ఐర్లాండ్ వాళ్లూ ఊరుకోలేదు, వారానికి నాలుగైదు రోజులు ఒళ్లు వంచారు. కానీ ఆఫీసు అయ్యాక చేసే కసరత్తు వేరు, కసరత్తే ఆఫీసైనప్పుడు వచ్చే బలం వేరు. అదే టాకిల్, అదే నియమం. దాని వెనకున్న బరువు, వేగం మాత్రం 1984 నాటివి కావు.

2005లో అది బయటపడింది. మొదటి టెస్టు ఆస్ట్రేలియా 100-64తో గెలిచింది. మెల్‌బోర్న్‌లో రెండో టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు క్రిస్ జాన్సన్ ఐర్లాండ్‌కు చెందిన ఫిలిప్ జోర్డాన్‌ను చేత్తో మెడ దగ్గర కొట్టి మైదానం నుంచి పంపించేయించుకున్నాడు, తర్వాత నిషేధానికీ గురయ్యాడు. మొత్తం స్కోరు 163-106. ఆ మరుసటి ఏడాదే గెరాటీ ఉదంతం.

మరి ఐర్లాండ్ వాళ్లు ఎందుకు వెళ్లి ఆడేవాళ్లు? ఈ ప్రశ్నకు జవాబు చొక్కాలో ఉంది. గేలిక్ ఫుట్‌బాల్‌కు ఇంకో దేశంతో ఆడే పోటీ లేదు. ఎంత గొప్ప ఆటగాడైనా ఊరికో, కౌంటీకో ఆడి రిటైర్ కావాల్సిందే. దేశం చొక్కా వేసుకోవాలంటే ఇదొక్కటే దారి. అందుకే వాళ్లలో ఉత్తములు సెలవులు పెట్టుకుని మరీ వచ్చారు. అటువైపు ఏఎఫ్ఎల్ ఆటగాడికి ఇది సీజన్ అయిపోయాక అక్టోబర్, నవంబర్లలో వచ్చే సిరీస్. అతని ఒళ్లు క్లబ్బు పెట్టుబడి. గాయమైతే వచ్చే సీజన్ పోతుందని క్లబ్బులకు టెన్షన్. దాంతో పెద్ద పేర్లు చాలాసార్లు రాలేదు. గాయం భయం రెండు వైపులా ఉంది కానీ, ఒకవైపు దాన్ని మోయడానికి కాంట్రాక్టు, డాక్టర్లు, జీతం ఉన్నాయి. రెండో వైపు జీఏఏ గాయాల నిధి కొంత ఆదుకున్నా, నెలల తరబడి మంచాన పడితే ఆ ఇంటి లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఇంకో పోటు కూడా ఉంది. 1967 యాత్రలో కెప్టెన్‌గా ఆడిన రాన్ బరాసీ 1980ల్లో మెల్‌బోర్న్ క్లబ్బు కోచ్‌గా ఉన్నప్పుడు, ఐర్లాండ్ కుర్రాళ్లకు ఈ ఆట నేర్పితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. క్లబ్బు పేపర్లో ప్రకటన ఇచ్చింది. డబ్లిన్ కుర్రాడు జిమ్ స్టైన్స్ దరఖాస్తు పెట్టి, 1984లో విమానం ఎక్కాడు. 1987లో ఫైనల్‌కు ముందు జరిగే ప్రిలిమినరీ ఫైనల్ చివరి క్షణాల్లో తెలియక చేసిన ఒక తప్పుకు అంపైర్ ప్రత్యర్థి కిక్ కొట్టే చోటును 15 మీటర్లు ముందుకు జరిపాడు. సైరన్ మోగాక కొట్టిన ఆ కిక్‌తో స్టైన్స్ జట్టు ఫైనల్ చేజార్చుకుంది. అతను పారిపోలేదు. 1991లో లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. వరసగా 244 మ్యాచ్‌లు ఆడిన రికార్డు అతనిది.

తర్వాత కెర్రీ కౌంటీ లిస్టోవెల్ నుంచి టైగ్ కెనెలీ వెళ్లాడు. 2005లో సిడ్నీ స్వాన్స్ జట్టు ఏఎఫ్ఎల్ గెలిచినప్పుడు మెడల్ అందుకుంటూ వేదిక మీదే ఐరిష్ జిగ్ చిందు వేశాడు. అతని తండ్రి టిమ్ కెనెలీ కూడా కెర్రీకి ఆడిన పేరున్న ఆటగాడు. కొడుకు గెలిచిన కొద్ది నెలలకే, ఆ డిసెంబర్లో చనిపోయారు. 2009లో కెనెలీ ఇంటికి తిరిగొచ్చి, జీతం వదులుకుని కెర్రీకి ఆడి ఆల్ ఐర్లాండ్ గెలిచాడు. రెండు దేశాల పెద్ద టైటిళ్లూ గెలిచిన మొదటి ఆటగాడు అతనే. అయినా మళ్లీ సిడ్నీకే వెళ్లాడు. పోయినవాళ్లను తప్పు పట్టలేం. కానీ చిన్నప్పటి నుంచి ఉచితంగా నేర్పి పెంచిన ఊరి క్లబ్బుకు మాత్రం అది దుఃఖమే. సిరీస్ అనేది ఆస్ట్రేలియా స్కౌట్లకు సంత అయిపోతోందని ఐర్లాండ్‌లో చాలామంది బాధపడ్డారు.

ఈ బాధ ఇంట్లోనూ రాజుకుంది. 1999లో పుట్టిన గేలిక్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆటగాళ్ల కష్టానికి గుర్తింపు అడగడం మొదలుపెట్టింది. 2007 నవంబర్లో సమ్మెకు ఓటు కూడా వేశారు. చివరికి ప్రభుత్వం తరఫున గ్రాంట్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. జీతం మాత్రం కాదు. ఆటగాళ్లలోనే చాలామంది జీతం వద్దన్నారు. ఊరి ఆట ఊరిదిగానే ఉండాలన్నది వాళ్ల పట్టుదల, దాన్ని నేను గౌరవిస్తాను.

నియమాలు, శిక్షలు గట్టిపరిచి 2008లో సిరీస్ మళ్లీ నడిపారు. అది ఐర్లాండ్ గెలిచింది. ఆ తర్వాత హింస తగ్గింది కానీ, ఆస్ట్రేలియా వైపు ఆసక్తీ తగ్గింది. 2011లో బలహీనమైన జట్టును దించి 130-65తో ఓడిపోయారు. 2013లో ఆదివాసీ ఆటగాళ్లతోనే జట్టు కట్టారు. క్రోక్ పార్క్‌లో ఐర్లాండ్ 116-44తో గెలిచింది. ఈసారి ఏకపక్షమైంది అమెచ్యూర్ల వైపు నుంచి. ఆ సిగ్గుతోనో ఏమో, 2014లో అత్యుత్తమ ఆటగాళ్లనే ఎంపిక చేయాలని ఏఎఫ్ఎల్ నిర్ణయించింది. పెర్త్‌లో 56-46తో గెలిచింది. 2015లో క్రోక్ పార్క్‌లో ఐర్లాండ్ 56-52తో గెలిచింది. మంచి జట్టు వస్తే ఆట బాగుంటుందని ఈ రెండు మ్యాచ్‌లూ చూపించాయి.

1984 నుంచి 2017 వరకు 20 సిరీస్‌లు జరిగితే చెరో 10 గెలిచారు. పూర్తికాలం ఆడేవాళ్లతో తీరిక వేళల్లో ఆడేవాళ్లు సమానంగా నిలిచారు. అమెచ్యూర్లు తట్టుకోలేరన్న మాటకు ఈ అంకెలే జవాబు. ఆటలో వాళ్లు వెనకబడలేదు. దెబ్బ ఖర్చు పంచుకోవడంలోనే లెక్క సరిగా లేదు. టాకిల్ ఎలా ఉండాలన్నది తేల్చేటప్పుడు, పడేసేవాడికి ఏది అలవాటో కాక, పడ్డవాడు మర్నాడు ఏం చేయాలో చూసి తేల్చాల్సిందని నా నమ్మకం.

గెలిచిన జట్టుకు 2004 నుంచి ఇచ్చిన కప్పుకు కోర్మాక్ మెకానలెన్ పేరు పెట్టారు. టిరోన్ కౌంటీ కెప్టెన్, ఐర్లాండ్ తరఫున ఈ సిరీస్‌లో ఆడినవాడు. 2004 మార్చి 2న, 24 ఏళ్లకే, గుండె జబ్బుతో నిద్రలోనే చనిపోయాడు. అతని ఉద్యోగం అర్మాలో బడిపంతులు. 2017 నవంబర్ 18న పెర్త్‌లో రెండో టెస్టు 53-50తో ముగిశాక, మొత్తం 116-103తో గెలిచిన ఏఎఫ్ఎల్ ఆటగాళ్లు ఆ బడిపంతులు పేరున్న కప్పును ఎత్తారు. ఓడినవాళ్లు విమానం ఎక్కి, ఎవరి ఉద్యోగాలకు వాళ్లు వెళ్లిపోయారు.