పింగాణీ పన్ను ఎందుకు పగలదు?

చిన్నూ, బుజ్జీ,

నేను పంటికి క్యాప్ వేయించుకుని వచ్చిన రోజు మీరిద్దరూ నా నోట్లోకి తొంగి చూసి, "తాతయ్యా, పింగాణీ కప్పు చెయ్యి జారితేనే ముక్కలవుతుంది కదా, మరి ఈ పింగాణీ పన్ను నమిలితే పగలదా?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఆ పూట మత్తింజెక్షన్‌తో నోరంతా మొద్దుబారి మాట రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఒకటో తరగతిలో నాకో రాతిపలక ఉండేది, చుట్టూ చెక్క చట్రంతో. దాన్ని నేలమీద పెట్టి, మోచేతులు ఆనించి, ఒంటి బరువంతా వేసి రాసేవాణ్ణి. ఏమీ అయ్యేది కాదు. ఒకరోజు దాని కింద చిన్న గులకరాయి ఉందని చూసుకోలేదు. మోచెయ్యి ఆనించానో లేదో ఫట్‌మంది. ఆ ముక్కలు మూడు రోజులు సంచీలో దాచాను. చివరికి నాన్న కంటపడ్డాయి. ఆయన తిట్టలేదు. ముక్కల్ని తిరగేసి, "పైన బరువు పడిందిరా, కింద బోలుగా ఉంది. అందుకే విరిగింది" అన్నారు.

పింగాణీ గుణమూ అదే. నొక్కితే చాలా ఓర్చుకుంటుంది, వంచితే ఓర్చుకోలేదు. వంగాలంటే అడుగువైపు సాగాలి, దానికి సాగడం రాదు. కంటికి ఆనని గీత అక్కడ పుట్టి పైకి పాకుతుంది. అందుకే డాక్టర్లు క్యాప్ కింద బోలు లేకుండా చూస్తారు. గాజు జాతి పింగాణీ అయితే లోపలివైపు ఆమ్లంతో గరుకు చేసి, రెసిన్ జిగురుతో పంటికి అతికిస్తారు. చేతిలో ఉంటే వేళ్ళతో విరిచేయగల అర మిల్లీమీటరు మందం పింగాణీ రేకు కూడా, పంటికి అతుక్కున్నాక ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

పలక చుట్టూ ఉన్న చెక్క చట్రం సంగతి మర్చిపోలేదు. ఇక్కడ క్యాపే చట్రం, మన పన్ను పలక. ఆ చట్రం పట్టుకోవడానికి చిగురు పైన చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల సొంత పన్ను మిగలాలి. అది లేకపోతే క్యాప్ బాగానే ఉంటుంది, కింద పన్ను విరుగుతుంది. క్యాప్ ఎంత గట్టిది అని అందరూ అడుగుతారు. పన్ను ఎంత మిగిలింది అని అడగాలి. పన్ను మీద చిన్న నల్లమచ్చ కనిపించినా అమ్మకు చెప్పండి, నాలాగా దాచుకోకండి.

ఇంకో వింత. ఈ క్యాపుల్లో జిర్కోనియా అనే రకం ఉంది. అందులో గీత పాకబోతే, దాని కొస దగ్గరున్న రేణువులు ఉబ్బి గీతను నొక్కిపట్టేస్తాయి. 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ సంగతి లోకానికి చెప్పారు. ప్రాణంలేని పదార్థం తన గాయాన్ని తానే అదిమిపట్టుకోవడం! తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇప్పుడు ఒక సుద్దముక్క తెచ్చుకోండి. బల్లమీద పడుకోబెట్టి బొటనవేలితో నొక్కండి. తర్వాత రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టి, అంతే బలంగా నొక్కండి. కళ్ళు బల్ల ఎత్తుకు దించి, చీలిక ఏ వైపు నుంచి తెరుచుకుంటుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య