టవర్ గొంతు తగ్గింది, ఫోన్ గొంతు పెరిగింది

5జీ వచ్చాక, సెల్ టవర్ల రేడియేషన్ పరిమితిని సడలించాలన్న టెలికాం కంపెనీల పాత డిమాండ్ మళ్లీ తెర మీదికొచ్చింది. ‘మా ఇంటి పక్కన టవర్ వద్దు’ అనే కాలనీల గొడవ ఎటూ ఉండనే ఉంది. సెల్‌ఫోన్ ఎప్పుడొచ్చింది, ఎలా పెరిగిందన్నది అందరికీ తెలిసిందే. ఈ తగాదా మాత్రం 2012 సెప్టెంబరు 1న ముడిపడింది.

2008లో మన దేశం రేడియేషన్ భద్రతను చూసే ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంస్థ పరిమితులనే ఉన్నదున్నట్టు తీసుకుంది. 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో చదరపు మీటరుకు 4.5 వాట్లు. 2010లో వేసిన మంత్రిత్వ శాఖల కమిటీ, దాన్ని పదో వంతుకు దించమని 2011 జనవరిలో చెప్పింది. అలా 2012 సెప్టెంబరు 1 నుంచి 4.5 కాస్తా 0.45 అయింది. హాని రుజువై కాదు, ముందుజాగ్రత్తగా దించారు. అదే రోజు నుంచి ఫోన్లకూ ‘సార్’ (ఫోను నుంచి ఒంట్లోకి చేరే రేడియేషన్ కొలత) పరిమితి కిలోకు 2 వాట్ల నుంచి 1.6కి తగ్గింది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జనం కళ్లన్నీ టవర్ మీదే.

ఈ 0.45 ఒక కంపెనీకి కాదు, ఆ చోట పడే మొత్తానికి. ఒకే మేడ మీద మూడు కంపెనీల యాంటెన్నాలుంటే అన్నీ కలిపి లెక్క. రెండు యాంటెన్నాలుంటే ఎదురుగా అదే ఎత్తులో ఇల్లు 35 మీటర్ల లోపు ఉండొద్దని, పన్నెండుంటే 75 మీటర్లని టెలికాం శాఖ మార్గదర్శకాలు. గోడకు గోడ ఆనుకునే మన బస్తీల్లో అంత ఖాళీ ఎక్కడిది? పవర్ తగ్గించాలి, లేదా ఎత్తు పెంచాలి, లేదా చోటు మార్చాలి. పవర్ తగ్గించిన చోట మరో టవర్ కావాలి. దానికి కాలనీ ఒప్పుకోదు.

ఇక్కడే అసలు మెలిక. ఫోను ఊరికే వినే యంత్రం కాదు, అదీ ప్రసారం చేస్తుంది. టవర్ దూరమైతే గొంతు పెంచుతుంది, దగ్గరైతే గుసగుసలాడుతుంది. 3జీలో టవర్ ఫోనుకు ‘పెంచు, తగ్గించు’ అని సెకనుకు 1500 సార్లు చెబుతుంది. మా కిటికీ దగ్గర ఫోనులో సిగ్నల్ మైనస్ 75 డీబీఎం చూపిస్తే, సెల్లారులో మైనస్ 105. ఈ లెక్కలో ప్రతి 10కీ సిగ్నల్ పదో వంతుకు పడిపోతుంది, అంటే ఆ 30 తేడాకు వెయ్యి రెట్లు తక్కువ. అక్కడ ఫోను చెవి పక్కనే అరుస్తుంది, బ్యాటరీ కూడా చకచకా దిగిపోతుంది.

2015లో కాల్ డ్రాప్‌ల మీద దేశమంతా గోల చేసినప్పుడు, టవర్లకు చోటివ్వడం లేదని కంపెనీలు మొత్తుకున్నాయి. తెగిన కాల్‌కు రూపాయి చొప్పున వినియోగదారుకు ఇవ్వాలన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనను 2016 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

కాలనీల వాళ్ల భయమూ ఊరికే పుట్టలేదు. రేడియో తరంగాలను క్యాన్సర్‌కు ‘కారణం కావచ్చు’ అనే జాబితాలో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ విభాగం 2011 మేలో చేర్చింది. 2017లో గ్వాలియర్‌లో ఒక టవర్‌ను ఆపేయమని సుప్రీంకోర్టే చెప్పింది. అదే ఏడాది వచ్చిన, టవర్ల రేడియేషన్ వివరాలు చెప్పే ప్రభుత్వ వెబ్‌సైట్ తరంగ్ సంచార్ పోర్టల్‌లో 4 వేల రూపాయలు కడితే అధికారులు మన ఇంటికే వచ్చి కొలుస్తారు. పక్క మేడ మీద టవర్ వాళ్లది, కొలిపించుకునే ఖర్చు మనదా అని అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

ఇప్పటి వాదన కూడా టవర్ చుట్టూనే తిరుగుతోంది. మీ ఫోనులో *#07# కొట్టి చూడండి. తెర మీద కనిపించే సార్ అంకె, ఫోను పూర్తి పవర్‌తో అరిచినప్పటిది. టవర్ దగ్గర్లో ఉంటే ఫోనుకు అంతగా అరిచే పనే పడదు.