నీళ్ళు లేని చోట ఓడ

చిరంజీవులు చిన్నాకి, బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. సంక్రాంతి అరిసెలు మీరు తినకుండా వదిలేసినవి నాన్నమ్మ డబ్బాలో దాచింది, నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

ఎన్ఏడీ దాటి కారు విమానాశ్రయం వైపు తిరిగినప్పుడు బుజ్జమ్మ ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, ఆ బోర్డు మీద ఐఎన్ఎస్ డేగ అని ఉంది. ఐఎన్ఎస్ అంటే ఓడ కదా, మరి నీళ్ళేవీ?" అని. మీ నాన్న టైమైపోతోందని కంగారుపడుతున్నాడు, నాకు నోరు విప్పే సందు దొరకలేదు. అందుకే ఈ ఉత్తరం. అన్నట్టు ఎన్ఏడీ కూడా నేవీ మాటే. నావికాదళం ఆయుధాల డిపో పేరులోని మూడు పొడి అక్షరాలవి. విశాఖలో ఆటోవాళ్ళ దగ్గర్నుంచి అరటిపళ్ళ బండివాళ్ళ దాకా రోజూ అనే మాట, అదేమిటని ఎవరూ ఆగి అడగరు. బుజ్జమ్మ అడిగింది, అదీ నా సంతోషం.

ముందు మన పేర్ల సంగతి చూడండి. బడి హాజరుపట్టీలో మీ పేరుకు ముందు ఒక అక్షరం, చుక్క ఉంటాయి కదా, ఇంటిపేరుది. అది నీ రంగు చెప్పదు, పొడుగు చెప్పదు, లెక్కలు వచ్చో రావో చెప్పదు. నువ్వు ఏ ఇంటి పిల్లవో చెబుతుంది. జాతరలో తప్పిపోతే ఎక్కడికి చేర్చాలో, పక్కవాడి కిటికీ అద్దం పగలగొడితే ఎవరి గుమ్మంలో నిలబడి అడగాలో చెబుతుంది. అందుకే అంటాను, బడిలో మీరు చేసే అల్లరి నా దాకా వస్తుందని. యుద్ధనౌక పేరు ముందు అక్షరాలూ అచ్చం ఇంతే. ఐఎన్ఎస్ అంటే ఇండియన్ నేవల్ షిప్, మన ఇంటిది. యూఎస్ఎస్ అమెరికావాళ్ళది. అక్కడ 1907లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చేదాకా పేరు ముందు ఎవరికి తోచింది వాళ్ళు రాసుకునేవారట. ఐసీజీఎస్ అని కనబడితే అది మన తీర రక్షక దళానిది. ఒకే వంశం, వేరు కాపురం. ఎస్ఎంఎస్ అంటే మీకు ఫోనులో వచ్చేదే తెలుసు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి, రేవు దగ్గరి నూనె ట్యాంకులు తగలబెట్టిన ఎండెన్ అనే జర్మన్ ఓడ ఇంటిపేరు కూడా ఎస్ఎంఎసే. చక్రవర్తిగారి ఓడ అని వాళ్ళ భాషలో.

నా చిన్నప్పుడు మేం వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళం. బడి వదలగానే రేవు కాలువ ఒడ్డుకి పరుగు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనించి ఓడ మెల్లగా లోపలికొస్తుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. ఏ ఓడ ఎప్పుడొస్తుందో పేపర్లో పడేది, కొన్ని పేర్ల ముందు ఎస్.ఎస్., కొన్నిటికి ఎం.వి. మా జట్టులో ఒకడు ఉండేవాడు, ఎస్.ఎస్. ఓడలన్నీ మా లెక్కల మాస్టారివేనని పందెం కాసేవాడు. మాస్టారి పేరు ముందు అవే అక్షరాలు మరి! అన్ని ఓడలుంటే ఆయన చిల్లులు పడ్డ గొడుగు ఎందుకు వేసుకొస్తాడని ఎవరో అడిగితే, పిసినారి అని తేల్చేశాడు. నిజానికి ఎస్.ఎస్. అంటే ఆవిరితో నడిచేది, ఎం.వి. అంటే మోటారుతో నడిచేది. సరుకుల ఓడలకి ఈ అక్షరాలు ఇంటి సంగతి చెప్పవు, కడుపులో ఏముందో చెబుతాయి. మన విశాఖ సింధియా యార్డులో కట్టి, 1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా నీళ్ళలోకి దిగిన జల ఉష అలాంటి ఆవిరి ఓడే. స్వతంత్ర భారతంలో తయారైన మొదటి పెద్ద ఓడ అది. మా నాన్న ఆ రోజు గురించి ఎంత చెప్పేవాడో! అది మొదలుపెడితే ఉత్తరం పూర్తికాదు.

ఇంటిపేరు మారడం మీకు తెలుసు. మీ అత్తకి పెళ్ళితో మారింది. ఓడలకైతే దత్తత. 1930లలో బ్రిటన్ కట్టుకున్న క్రూయిజరు రకం యుద్ధనౌక ఒకటి ఉండేది, పేరు ఎకిలీస్. హెచ్ఎంఎస్ ఎకిలీస్ అనేవారు, అంటే రాజుగారి ఓడ. 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికా దగ్గర, ప్లేట్ నది సముద్రంలో కలిసే చోట, తనకంటే చాలా పెద్ద ఫిరంగులున్న గ్రాఫ్ స్పే అనే జర్మన్ ఓడని మరో రెండు ఓడలతో కలిసి ఎదుర్కొంది. దెబ్బతిన్న గ్రాఫ్ స్పేని నాలుగు రోజులకి దాని కెప్టెనే ముంచేశాడు. ఎకిలీస్‌లో చాలామంది న్యూజీలాండ్ కుర్రాళ్ళు. 1941లో ఆ దేశానికి సొంత నావికాదళం ఏర్పడగానే పేరు ముందు అక్షరాలు పెరిగి హెచ్ఎంఎన్‌జెడ్ఎస్ అయింది. యుద్ధం ముగిశాక మళ్ళీ పుట్టింటికి వెళ్ళింది. అక్కడినుంచి మనం కొనుక్కున్నాం. 1948 జులై 5న దత్తత ముహూర్తం. ఈసారి సొంతపేరు కూడా మార్చి ఢిల్లీ అన్నారు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ ముందున్న అక్షరాలు హెచ్ఎంఐఎస్. 'రాజుగారి భారత ఓడ' అని! 1950 జనవరి 26న రాజుగారి రెండక్షరాలూ రాలిపోయి ఐఎన్ఎస్ ఢిల్లీ అయింది. రిపబ్లిక్ డే అంటే మీకు బడిలో చాక్లెట్టు. నేవీలో ఓడల పేర్ల ముందు నుంచి రాజుగారిని చెరిపేసిన రోజది.

మరో తమాషా. ప్లేట్ నది యుద్ధం మీద ఇంగ్లండువాళ్ళు సినిమా తీస్తే, 1956లో అది విడుదలైంది. అందులో ఎకిలీస్ వేషం కట్టింది మన ఢిల్లీయే. తన చిన్ననాటి వేషం తానే వేసుకుంది. 1978లో సేవ చాలించింది. దాని ఫిరంగి బురుజు ఒకటి ఇప్పటికీ న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ నౌకా స్థావరం దగ్గర ఉంది.

పేరు ముందు అక్షరాలు పుట్టుకతోనే రావు. బిడ్డ పుట్టగానే చంటిది, బుజ్జిది అంటాం, బారసాల అయ్యాకే పేరు. ఓడకీ యార్డులో ఉన్నన్నాళ్ళు ఒక అంకె. మన ఊరి పేరున్న విశాఖపట్నం యుద్ధనౌక ముంబయి మజగావ్ డాక్‌లో ఉన్నప్పుడు యార్డ్ 12704. 2021 నవంబరు 21న నేవీ జెండా ఎక్కించాకే ఐఎన్ఎస్ అన్నారు. తాత పేరు మనవడికి పెట్టడం కూడా ఉంది. 1961లో చేరిన పాత విమానవాహక నౌక విక్రాంత్ 1997లో విశ్రాంతి తీసుకుంది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో చేరిన కొత్త ఓడకి అదే పేరు, ఆర్11 అనే అదే అంకె. చిన్నా, నీకు మా నాన్న పేరు పెట్టినట్టే.

ఇక బుజ్జమ్మ ప్రశ్న. బ్రిటిష్‌వాళ్ళ పాత చట్టం ప్రకారం నావికుడికి జీతం ఇవ్వాలన్నా, తప్పు చేస్తే శిక్షించాలన్నా అతని పేరు ఏదో ఒక ఓడ పుస్తకంలో ఉండాలి. ఓడ ఎక్కకుండా ఒడ్డున ఆఫీసులో, బడిలో, గోదాములో పనిచేసేవాళ్ళ మాటేమిటి? వాళ్ళు ఏ ఇంటివాళ్ళు? ఇల్లు లేకపోతే చట్టం లేదు. అందుకని ఒడ్డునున్న కట్టడానికే ఓడ పేరు పెట్టి, అక్షరాలు తగిలించి, అందరినీ ఆ ఇంటి పద్దులో రాసేసేవారు. మన నేవీ ఆ అలవాటు ఉంచుకుంది. అందుకే విమానాలు దిగే నేల ఐఎన్ఎస్ డేగ. లోనావాలా కొండల మీద ఇంజినీర్లను తయారుచేసే బడి ఐఎన్ఎస్ శివాజీ. తిరునెల్వేలి వైపు, నీళ్ళలో మునిగి ఉన్న జలాంతర్గాములకు కబుర్లు పంపే రేడియో కేంద్రం ఐఎన్ఎస్ కట్టబొమ్మన్. బ్రిటన్‌లో ఇలాంటి ఓడల్లో పనిచేసేవాళ్ళు గేటు దాటి బజారుకెళ్ళడాన్ని కూడా ఒడ్డుకి వెళ్ళడమే అంటారు. మీ పాఠంలో 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో మొదలైన నావికుల తిరుగుబాటు ఉంటుంది చూడండి, హెచ్ఎంఐఎస్ తల్వార్‌లో అని. దాన్ని సముద్రంలో ఊహించుకోకండి. తల్వార్ నేల మీది సిగ్నల్ బడి. అన్నంలో రాళ్ళు, దొరల తిట్లు భరించలేక కుర్రాళ్ళు అక్కడ తిండి మానేశారు. ఆ నిప్పు తర్వాత నిజం ఓడలకి పాకింది.

వీటన్నిటికీ ముత్తాత ఒకటుంది. వెస్టిండీస్‌లో మార్టినిక్ దీవి పక్కన సముద్రంలో నిలువుగా లేచిన ఒక కొండరాయి, డైమండ్ రాక్. 1804లో బ్రిటిష్‌వాళ్ళు తాళ్ళతో ఫిరంగులు పైకి లాగి, వంద పైచిలుకు మనుషుల్ని ఎక్కించి, ఆ రాయినే ఓడగా పద్దులో రాశారు. హెచ్ఎంఎస్ డైమండ్ రాక్! లెఫ్టినెంట్ మారిస్ దానికి అధిపతి. దాదాపు ఏడాదిన్నర ఫ్రెంచి ఓడల్ని ముప్పుతిప్పలు పెట్టి, 1805 జూన్‌లో లొంగిపోయింది. ఓడ పోగొట్టుకున్న ఏ అధికారినైనా విచారించడం అక్కడి ఆచారం. పాపం మారిస్‌నీ నిలబెట్టి విచారించారు, గౌరవంగా వదిలేశారు. ఆలోచించండి, పోయింది రాయి. ఎక్కడికీ కదల్లేదు, మునగలేదు. ఇంటిపేరు మాత్రం పోయింది. నాకిప్పటికీ ఇది తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఏదోలానూ ఉంటుంది.

మన తీరానికి అవతల నీళ్ళలో ఇంకో ఇంటి ఓడ ఉంది. అమెరికాలో పుట్టినప్పుడు యూఎస్ఎస్ డయాబ్లో, అంకె ఎస్ఎస్-479. ఆ ఎస్ఎస్ ఆవిరిది కాదు, ఆ ఇంట్లో జలాంతర్గామికి గుర్తు. 1964లో పాకిస్తాన్‌కి వెళ్ళి పీఎన్ఎస్ ఘాజీ అయింది. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, డిసెంబరు మొదటి వారంలో విశాఖ దగ్గర మునిగిపోయింది. అందులో 90 మందికి పైగా ఉన్నారు. బీచి రోడ్డులో ఆ యుద్ధపు విజయ స్తూపం దగ్గర మీరు ఐస్‌క్రీం తిన్నారు. మనం గెలిచామని సంతోషించండి, తప్పులేదు. ఏదో ఇంట్లో ఆ పిల్లల ఇంటిపేర్లు పిలిచేవాళ్ళు కూడా ఉండేవాళ్ళని గుర్తుంచుకోండి.

వేసవికి వచ్చినప్పుడు ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. యుద్ధనౌక పక్కన పెద్దగా రాసి కనిపించేది పేరు కాదు, అక్షరం, అంకె. డి అయితే డిస్ట్రాయరు, ఎఫ్ అయితే ఫ్రిగేటు, ఎస్ అయితే సబ్‌మెరైను. విశాఖపట్నానిది డి66. దూరం నించి కనబడిన ప్రతిదీ రాసుకోండి, ఏ ఇంట్లో ఏ వరస పిల్లో మీరే తేల్చండి, నన్నడగొద్దు. మొదట ఆర్కే బీచిలో ఇసుక మీదున్న కుర్సుర జలాంతర్గామి దగ్గర మొదలుపెడదాం, ఎస్20. 1969లో రష్యావాళ్ళ దగ్గర్నించి తెచ్చుకున్నాం, 2001 దాకా పనిచేసింది. ఆ రకం జలాంతర్గాముల్ని ఫాక్స్‌ట్రాట్ అని కూడా అంటారు. అది మనం పెట్టింది కాదు, అప్పట్లో రష్యాకి ఎదురు జట్టైన నాటో దేశాలవాళ్ళు పెట్టిన మారుపేరు. లోపల మంచాలు ఎంత ఇరుకో పడుకుని చూద్దామంటే పడుకోనివ్వరు, చూపుతోనే కొలవాలి. సోమవారం మూసేస్తారు, కాబట్టి ఆదివారమే రైలు దిగేట్టు మీ నాన్నకి చెప్పండి.

మీ
తాతయ్య